బుడ్డలోని బూజు, కాలేయంలోని వైరస్

మా వైపు వేరుశనగకాయల్ని బుడ్డలంటాం. ఆళ్ళగడ్డలో మా ఇంటి పంచలో, కాయ పెరికి ఎండబోసిన రోజుల్లో, అవ్వ చేట ముందేసుకుని కూచునేది. గుప్పెడు బుడ్డలు ఒలిచి, విత్తనాల్ని చేటలో ఒక ఊపు ఊపి, వేళ్ళతో ఏరేది. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, మొలకెత్తినవి ఒక పక్కకు నెట్టేది. ఆ పక్క కుప్పలోంచి ఒక విత్తనం నేను నోట్లో వేసుకుంటే గబుక్కున నా దవడలు పట్టుకుంది. "చేదుగుంటే మింగొద్దు నాయనా, ఊంచెయ్" అంది. అలాంటిదే ఇంకోటి తీసి రెండు బద్దలుగా చీల్చి చూపించింది. బద్దల నడుమ పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి ఉంది. వేలు తగిలితే దుమ్ములా లేచింది.

ఆ బూజుకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అని పేరుందని అవ్వకు తెలీదు. అది అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుందనీ తెలీదు. నిజానికి ఆ చేదు కూడా అఫ్లాటాక్సిన్‌ది కాదు. ఆ విషానికి రుచీ లేదు, వాసనా లేదు. బూజు విత్తనంలోని నూనెను చెడగొడితే వచ్చే చేదు అది. అవ్వ నాలుక దాన్ని ఆనవాలుగా పట్టుకుంది. కానీ పక్కకు ఏరిన కుప్పను ఆమె పారబోసేది కాదు. అది గానుగకు పోయేది. నూనె వాడకానికి, చెక్క ఎనుముకు. ఆ చెక్క దగ్గరే ఈ కథ మొదలవుతుంది, కాకపోతే మా ఊళ్ళో కాదు, ఇంగ్లండులో.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కొద్ది నెలల్లో చచ్చిపోయాయి. రోగమేమిటో అంతుపట్టక దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. వైరస్ అయి ఉంటుందని మొదట అనుకున్నారు. వెతికితే వైరస్ దొరకలేదు. చచ్చిన కోళ్ళన్నీ తిన్నది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క కలిపిన దాణా అని తేలింది. అదే చెక్కను ఎలుకలకు పెట్టి చూశారు. నెలల తరబడి తిన్న ఎలుకల కాలేయాల్లో కణితులు పుట్టాయి. దాదాపు అదే కాలంలో అమెరికాలో చేపల పెంపకం కేంద్రాల్లో రెయిన్‌బో ట్రౌట్ చేపలకు మందలు మందలుగా కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఆ చేపల మేతలో కలిపింది పత్తిగింజల చెక్క. రెండు చెక్కల్లోనూ ఉన్నది ఆ బూజు విషమే. మా నంద్యాల వైపు వాళ్ళకు ఈ రెండు పంటల గురించీ ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1906 నుంచీ ఇక్కడున్న వ్యవసాయ పరిశోధనా స్థానం పేరు చెబితే పాత రైతులకు ముందు గుర్తొచ్చేది పత్తి.

టర్కీ కోళ్ళ విషయంలో "వైరసా, విషమా?" అని మొదట తడబడ్డారని చెప్పాను. ఆ తడబాటు ఆ ఒక్క ఏటిది కాదు. క్యాన్సర్ పరిశోధన ఇరవయ్యో శతాబ్దంలో సగానికి పైగా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1911లో న్యూయార్కులో పేటన్ రౌస్ ఒక కోడి రొమ్ము మీది కణితిని నూరి, కణాలేవీ దాటలేనంత సన్నటి వడపోత గుండా పోనిచ్చి, ఆ రసాన్ని ఇంకో కోడికి ఎక్కించాడు. దానికీ కణితి వచ్చింది. కణం లేకుండా కణితి వచ్చిందంటే కణం కంటే చిన్నదేదో దాన్ని మోస్తోంది. అదే రౌస్ సార్కోమా వైరస్. నాలుగేళ్ళకు, 1915లో, జపాన్‌లో యమగివా, ఇచికావా కుందేళ్ళ చెవుల లోపలి భాగానికి తారు పూస్తూ పోయారు. రోజుల తరబడి కాదు, నెలల తరబడి. చివరికి ఆ చెవుల మీద క్యాన్సర్ లేచింది. ఒక చేత్తో వైరస్, ఇంకో చేత్తో తారు. రెండూ ప్రయోగశాలలో కళ్ళెదుట క్యాన్సర్ పుట్టించాయి. శాస్త్రవేత్తలు రెండు శిబిరాలయ్యారు. రసాయనాల పక్షం వాళ్ళు వైరస్‌ను కోళ్ళ వింతగా తోసిపుచ్చారు. వైరస్ పక్షం వాళ్ళు తారు వట్టి పుండు రేపే సాధనమేననీ, అసలు దొంగ లోపల దాక్కుని ఉంటాడనీ వాదించారు.

ఈ రెంటినీ ఒకే జంతువు మీద కలిపి చూసిందీ రౌసే. అమెరికా పల్లెల్లో కాటన్‌టెయిల్ అనే అడవి కుందేళ్ళకు తల మీద కొమ్ముల్లాంటి పులిపిర్లు లేస్తాయి. వాటికి కారణం ఒక వైరసని 1933లో రిచర్డ్ షోప్ తేల్చాడు. 1930ల్లోనే రౌస్, జాన్ కిడ్ అనే సహచరుడితో కలిసి పెంపుడు కుందేళ్ళ చెవులకు కొంతకాలం తారు పూసి, ఆ తర్వాత షోప్ వైరస్‌ను రక్తంలోకి ఎక్కించాడు. రక్తంతో పాటు ఒళ్ళంతా తిరిగిన వైరస్ తారు పూసిన చోటికి వచ్చి అక్కడ స్థిరపడింది. అక్కడ క్యాన్సర్లు లేచాయి. తారు ఒక్కటే పూస్తే, వైరస్ ఒక్కటే ఎక్కిస్తే పట్టే కాలం కంటే చాలా త్వరగా, చాలా ఎక్కువగా లేచాయి. నా మటుకు ఈ విషయం మొత్తంలో అన్నింటికంటే అందమైన ప్రయోగం ఇదే. దానికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. ఒక కుంచె, ఒక సూది, ఓపిక. రెండు శిబిరాల మధ్య ఉన్న గోడ పగలడానికి అది చాలాలి. కానీ చాలలేదు. ఎందుకంటే ఆ రెండూ కణంలో ఎక్కడ కలుస్తున్నాయో ఎవరికీ తెలీదు.

పొలాల్లోనూ అలాంటి జంట ఒకటి దొరికింది. స్కాట్లాండు కొండల్లో ఆవుల అన్నవాహికలో పులిపిర్లు, వాటిలోంచి క్యాన్సర్లు ఎక్కువగా వస్తున్నాయని గ్లాస్గో పశువైద్యుడు విలియం జారెట్ బృందం 1978లో రాసింది. పులిపిర్లకు కారణం పశువుల పాపిలోమా వైరస్. క్యాన్సర్‌గా మారేది మాత్రం బ్రాకెన్ అనే ఒక రకం ఫెర్న్ మొక్క మేసిన ఆవుల్లో. ఆ మొక్కలో క్యాన్సర్ కలిగించే రసాయనాలున్నాయి. వైరస్ సోకినా ఆ మొక్క లేని పచ్చికలో మేసిన ఆవు పులిపిర్లతోనే బతుకు వెళ్ళదీస్తుంది.

కణంలో ఈ రెండూ కలిసే చోటును కనిపెట్టిన వాళ్ళలో ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నాడు. అది చెప్పేముందు ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గరికి వెళ్ళాలి.

మా ఊరికి శిల్పాల పేరుంది. రోడ్డు పక్క షెడ్లలో సగం చెక్కిన దేవుళ్ళు, దేవతలు, నాయకులు వరసగా నిలబడి ఉంటారు. ఒక పనివాడు రెండు విగ్రహాల వెనకభాగం చూపించి ఏది ఎవరు చెక్కారో చెప్పడం నేను దగ్గరుండి చూశాను. ముఖం చూడలేదు, ఉలి గాట్లు చూశాడు. ఈ ఉలి వెడల్పు ఇంత, దెబ్బ వాలు ఇటు, ఇది ఫలానా వాడి చెయ్యి అన్నాడు. రాయి మీద ప్రతి ఉలీ తన గాటు వదిలిపోతుంది. విగ్రహం మొత్తం బాగున్నా ఒక్కచోట ఉలి జారితే, అది ముక్కు కొసనో కంటి రెప్పనో అయితే, ఆ విగ్రహం ఇక గుడికి పోదు. వీపు మీద జారితే ఎవరికీ పట్టదు.

మన కణాల్లోని డీఎన్ఏ నాలుగు రసాయన అక్షరాలతో రాసిన పొడవాటి రాత. అందులో 300 కోట్ల అక్షరాలున్నాయి. ఎక్కడో ఒక అక్షరం మారితే చాలాసార్లు ఏమీ కాదు, విగ్రహం వీపు మీది గాటులాగే. కొన్ని చోట్ల మారితే మాత్రం కణం తన పద్ధతి మరిచి విభజన మీద విభజన జరుపుకుంటూ పోతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎలుకల కణితి వైరస్‌ల జన్యు రాతను అక్షరం అక్షరం చదివేవాడు. 1981లో మొలోనీ సార్కోమా వైరస్ రాతను సహచరులతో కలిసి ప్రకటించాడు. మరుసటి ఏడాది, 1982లో, మనిషి మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోంచి తీసిన ఒక జన్యువును, ఆరోగ్యవంతమైన కణంలోని అదే జన్యువు పక్కన పెట్టి చూశాడు. వేల అక్షరాలున్న ఆ జన్యువులో క్యాన్సర్‌కు కారణమైన తేడా ఒక్క అక్షరం. మూడేసి అక్షరాల మాటల్లో పన్నెండోది జి జి సి అని ఉండాల్సింది జి టి సి అని ఉంది. దాంతో ప్రోటీన్‌లో గ్లైసిన్ బదులు వాలీన్ వచ్చి కూచుంది. మారియానో బార్బాసిడ్ బృందంతో కలిసి ఆయన ఈ సంగతి 'నేచర్' పత్రికలో రాశాడు. అమెరికాలోనే ఇంకో రెండు బృందాలు అదే ఏడు అదే ఫలితాన్ని అందుకున్నాయి.

ఆ జన్యువు పేరు రాస్. ఎలుక సార్కోమా అనే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. ఎందుకంటే దాన్ని మొదట చూసింది మనిషిలో కాదు, 1964లో లండన్‌లో జెన్నిఫర్ హార్వే అనే శాస్త్రవేత్త వేరుచేసిన ఎలుకల వైరస్‌లో. ఆ వైరస్ ఎలుక కణంలోంచి రాస్ జన్యువును ఎత్తుకుపోయి తనలో కలుపుకుంది. దాని దగ్గరున్న కాపీలోనూ అదే పన్నెండో మాట మారి ఉంది. కోళ్ళ విషయంలోనూ కథ ఇంతే. రౌస్ వైరస్‌లో క్యాన్సర్ కలిగించే జన్యువు కోడి కణం సొంత ఆస్తేనని 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ బృందం తేల్చింది. దానికి వాళ్ళకు 1989లో నోబెల్ వచ్చింది. రౌస్‌కు తన నోబెల్ కోసం 1966 దాకా, అంటే కోడి కణితి నూరిన 55 ఏళ్ళ దాకా, ఆగాల్సొచ్చింది. ఆ బహుమతి ప్రసంగంలో కూడా ఆయన జన్యువుల్లో మార్పే క్యాన్సర్ అన్న మాటను ఒప్పుకోలేదు. తాను తీసిన దారి ఎక్కడికి పోయిందో ఆయన చూడలేదు.

వైరస్ వైపు నుంచి వచ్చి రాస్ దగ్గర ఆగారు. ఇక రసాయనం వైపు నుంచి ఎవరైనా వస్తే? 1983లో సరస్వతి సుకుమార్ అనే భారతీయ శాస్త్రవేత్త, బార్బాసిడ్ తదితరులతో కలిసి, వచ్చింది. ఆడ ఎలుకలకు నైట్రోసో మిథైల్ యూరియా అనే రసాయనం ఇస్తే రొమ్ము కణితులు వస్తాయి. ఆ కణితుల్లో రాస్ జన్యువును చదివారు. మారింది మళ్ళీ ఆ పన్నెండో మాటే. అందులో జి అక్షరం ఎ అయింది. ఆ రసాయనం జి అక్షరానికే అతుక్కుని దాన్ని ఎ గా చదివేలా చేస్తుందని రసాయన శాస్త్రవేత్తలకు ముందే తెలుసు. గాటు చూసి ఉలి పేరు చెప్పినట్టే.

ఇంతకాలం పోట్లాడుకున్న రెండు పక్షాలూ ఒకే ఇంటి తలుపు తడుతున్నాయి. వైరస్ ఆ జన్యువును ఎత్తుకుపోయి, మార్చి, తిరిగి తెస్తుంది. రసాయనం అక్కడికే వచ్చి అక్షరం దిద్దిపోతుంది. అయితే ఈ ఒక్క చోటితో కథ ముగియదు. కణితి ఒక్క దెబ్బతో పుట్టదు, చాలాచోట్ల దెబ్బలు పడాలి. కొన్ని దెబ్బలు వైరస్ కొడుతుంది, కొన్ని విషం కొడుతుంది, కొన్నింటికి వయసు చాలు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది జంతువును బట్టి మారుతుంది.

బుడ్డల దగ్గరికి తిరిగొస్తే, ఈ జంట పని అన్నింటికంటే స్పష్టంగా కనిపించేది కాలేయంలో. అఫ్లాటాక్సిన్లలో అన్నింటికంటే ఘాటైనది బి1. తిన్న వెంటనే అది క్యాన్సర్ కారకం కాదు. విషాన్ని వదిలించుకోవాలని కాలేయం తన ఎంజైములతో దాన్ని మార్చబోయి, దురదృష్టవశాత్తూ ఇంకా ప్రమాదకరమైన రూపానికి తెస్తుంది. ఆ రూపం డీఎన్ఏలోని జి అక్షరాన్ని అంటుకుంటుంది. ఎలుకకు ఈ విషం చాలా తేలిగ్గా తగులుతుంది. దాణాలో వంద కోట్ల వంతుల్లో ఒకటి రెండు వంతులున్నా కొన్ని ఎలుకలకు కాలేయ కణితులొచ్చాయి. అదే చిట్టెలుకకు, అంటే ప్రయోగశాలలోని తెల్ల మౌస్‌కు, ఎంత పెట్టినా పెద్దగా చలనముండదు. దాని కాలేయంలో ఆ ప్రమాదకర రూపాన్ని పట్టి బయటికి పంపే ఎంజైము చురుగ్గా ఉంటుంది. మనిషి ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉన్నాడు.

కాలేయాన్ని పట్టుకునే రెండో చెయ్యి హెపటైటిస్ బి వైరస్. 1960ల్లో బారుక్ బ్లంబర్గ్ దాని ఆనవాలు కనిపెట్టాడు, 1976లో నోబెల్ అందుకున్నాడు. ఈ వైరస్ కాలేయ కణాల్ని వెంటనే చంపదు. మన రోగనిరోధక వ్యవస్థ సోకిన కణాల్ని చంపుతుంది, వాటి చోట కొత్త కణాలు పుడతాయి, అవీ చస్తాయి, మళ్ళీ పుడతాయి. ఇలా ఇరవై ముప్ఫై ఏళ్ళు. అఫ్లాటాక్సిన్ ఒక కణంలో అక్షరం చెరిపితే, మామూలుగా అయితే కణం దాన్ని సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వైరస్ తరుముతున్న కాలేయంలో ఆ వ్యవధి లేదు. సరిచేసేలోపే కణం రెండుగా చీలుతుంది, తప్పు రాత తరతరాలకు పోతుంది. పైగా వైరస్ తన డీఎన్ఏ ముక్కల్ని మన కణం రాతలో అక్కడక్కడా దూరుస్తుంది. దానిదే ఎక్స్ అనే ప్రోటీన్ ఒకటి మరమ్మతు పనికి అడ్డం పడుతుంది.

దీన్ని నిరూపించడానికి ఎన్ని జంతువుల్ని చూశారో చెబితే ప్రకృతి ఎంత మొండిదో తెలుస్తుంది. అమెరికాలో వుడ్‌చక్ అనే లావుపాటి ఉడుత జాతి జంతువుకు తనదైన హెపటైటిస్ వైరస్ ఉంది. చిన్నప్పుడే సోకి నిలిచిపోతే, కొన్నేళ్ళలో దాదాపు అన్నింటికీ కాలేయ క్యాన్సర్ వస్తుంది. విషంతో పనే లేదు. బాతుల్లో తిరగబడింది. వాటికీ ఒక హెపటైటిస్ వైరస్ ఉంది గానీ, అఫ్లాటాక్సిన్ పెట్టిన బాతుల్లో వైరస్ ఉన్నా లేకున్నా కణితుల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మనిషి వైరస్ జన్యువును చొప్పించిన చిట్టెలుకల్లో 1991లో అఫ్లాటాక్సిన్ ఇచ్చి చూస్తే, కణితులు త్వరగా, ఎక్కువగా వచ్చాయి. అన్నింటికంటే తేటగా మాట్లాడింది టుపాయా. ఉడుతలా కనిపించే ఈ చిన్న జంతువుకు మనిషి హెపటైటిస్ బి వైరసే సోకుతుంది. దాని దగ్గరి చుట్టం ఒకటి మన తూర్పు కనుమల అడవుల్లోనూ తిరుగుతుంది. 1996లో చైనా శాస్త్రవేత్తలు ప్రకటించిన ప్రయోగంలో వైరస్ మాత్రమే సోకిన టుపాయాల్లో తొమ్మిదింట ఒకదానికి, విషం మాత్రమే తిన్నవాటిలో ఎనిమిదింట ఒకదానికి కాలేయ క్యాన్సర్ వచ్చింది. రెండూ ఉన్నవాటిలో సగానికి పైగా జంతువులకు వచ్చింది.

మనుషుల మీద ఈ ప్రయోగం ఎవరూ చేయకూడదు, చేయలేరు. కానీ జీవితమే చేసింది. షాంఘైలో 18,000 మందికి పైగా మగవాళ్ళ మూత్రం, రక్తం సేకరించి భద్రపరిచి, తర్వాత ఎవరికి కాలేయ క్యాన్సర్ వచ్చిందో చూశారు. రెండూ లేనివాళ్ళతో పోలిస్తే, అఫ్లాటాక్సిన్ ఆనవాళ్ళు మాత్రమే ఉన్నవాళ్ళకు ముప్పు మూడు రెట్లకు పైగా. వైరస్ మాత్రమే ఉన్నవాళ్ళకు ఏడు రెట్లకు పైగా. రెండూ ఉన్నవాళ్ళకు దాదాపు 60 రెట్లు. మూడూ ఏడూ కూడితే పది. గుణిస్తే ఇరవై ఒకటి. వచ్చింది అరవై. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు అవ్వ చేట గుర్తొచ్చింది, ఆ పక్కకు నెట్టిన కుప్ప గుర్తొచ్చింది, అది ఎనుము పాలలోంచి మళ్ళీ మా గ్లాసుల్లోకి వచ్చిన సంగతీ గుర్తొచ్చింది. అఫ్లాటాక్సిన్ తిన్న పశువు పాలలో ఎం1 అనే రూపంలో అది బయటికొస్తుంది. కాచినా పోదు.

ఇక్కడ కూడా ఉలి గాటు దొరికింది. చైనాలోని చీడాంగ్‌లో, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాల్లో కాలేయ క్యాన్సర్ రోగుల కణితుల్లో పి53 అనే కాపలా జన్యువును 1991లో చదివారు. చాలామందిలో ఒకేచోట, 249వ మాటలో, మూడో అక్షరం జి పోయి టి వచ్చింది. అఫ్లాటాక్సిన్ తక్కువగా ఉన్న దేశాల్లో, అదే వైరస్ ఉన్నా, ఆ గాటు అరుదు. 

మన దగ్గర ఈ విషం మీద పని చేసింది హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ టి. వి. మాధవన్, సి. గోపాలన్ 1960ల్లో చేసిన ఎలుకల ప్రయోగం ఇప్పటికీ ప్రపంచమంతా చర్చించుకుంటుంది. అఫ్లాటాక్సిన్ పెడుతూ కొన్ని ఎలుకలకు మాంసకృత్తులు ఎక్కువగా, 20 శాతం, కొన్నింటికి తక్కువగా, 5 శాతం ఇచ్చారు. కణితులు వచ్చింది బాగా తిన్నవాటికే. తక్కువ తిన్నవాటి కాలేయంలో విషాన్ని రగిలించే ఎంజైములు మందగిస్తాయి. దీన్ని పట్టుకుని మాంసకృత్తులే క్యాన్సర్ తెస్తాయని ప్రచారం చేసినవాళ్ళున్నారు. ఆ మాట నేనొప్పుకోను. ఇదే శాస్త్రవేత్తల ఇతర పరిశోధనల్లో మాంసకృత్తులు చాలని జంతువుల కాలేయాలు అదే విషం దెబ్బకు తట్టుకోలేక ముందే దెబ్బతిన్నాయి. పస్తులున్న కాలేయం క్యాన్సర్ దాకా బతికితే కదా.

అలా దెబ్బతినడం మనుషుల్లో ఎలా ఉంటుందో 1974 చివర్లో తెలిసింది. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిన్నారు, ఇంకో గింజ లేక. కామెర్లు, కడుపులో నీరు. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది చనిపోయారు. వాళ్ళతో పాటు అదే తిన్న కుక్కలూ చచ్చాయి. హైదరాబాదు నుంచి వెళ్ళి కారణం తేల్చి, 1975లో 'లాన్సెట్' పత్రికలో రాసిన బృందానికి ముందు నిలిచింది కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి.

నంద్యాల వైపు పంట కాలాన్ని చూస్తే ఈ బూజుకు కావలసినవన్నీ ఉన్నాయి. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే నేల బీటలు వారి, కాయ పెంకు బలహీనపడి, మట్టిలోని బూజు పొలంలోనే లోపలికి దూరుతుంది. పెరికి వాములు వేశాక ఈశాన్య రుతుపవనాల వాన పడితే మిగిలిన పని అయిపోతుంది. నేరుగా నేల మీద కుప్పపోసిన కాయ అడుగున చెమ్మ ఆరదు. టార్పాలిన్ మీద పలచగా ఎండబోసి, చేత్తో ఊపితే లోపల గింజ గలగలలాడే దాకా ఆరనిస్తే, గింజలో తేమ ఏడెనిమిది శాతానికి దిగితే, బూజుకు బతుకు లేదు. మొక్కజొన్ననూ మిరపనూ కూడా బాగా ఆరనివ్వాలి. ఈ విషానికి మన దేశంలో అనుమతించే హద్దు నేరుగా తినే గింజల్లో కిలోకు 10 మైక్రోగ్రాములు, శుద్ధి చేయాల్సినవాటిలో 15. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. బాగా బూజుపట్టిన ఒక్క విత్తనం కిలోల కొద్దీ మంచి గింజల్ని ఆ హద్దు దాటించగలదు. అందుకే అవ్వ ఏరివేత చాదస్తం కాదు. ఇవాళ పెద్ద మిల్లుల్లో రంగును బట్టి గింజల్ని ఏరే యంత్రాలు చేసేదీ ఆ పనే.

నాకు కోపం వచ్చేది ఏరిన కుప్ప గతి చూసి. యంత్రం పక్కకు నెట్టిన గింజ ఎగుమతికి పోదు. చవగ్గా అమ్ముడుపోతుంది, పొడి అవుతుంది, చట్నీ అవుతుంది, చెక్క అవుతుంది. ఐరోపా కొనేవాడి కాలేయానికి ఉన్న కాపలా మన కూలీ కాలేయానికి ఉండాలని అడగడంలో అత్యాశ ఏమీ లేదు.

రెండో చేతిని పట్టుకోవడం దీనికంటే తేలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 3 కోట్ల మందిలో హెపటైటిస్ బి ఉంది. ఎక్కువమందికి ఆ సంగతి తెలీదు. మా వైపు కామెర్లంటే పసరు మందు గుర్తొస్తుంది. తెల్లారుజామున వెళ్ళి పసరు తాగి, వారం రోజుల్లో కళ్ళు తేటపడితే మందు పనిచేసిందనుకుంటారు. హెపటైటిస్ ఎ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. బి అలా చెప్పిపోదు. పురిట్లో తల్లి నుంచి బిడ్డకు సోకితే, పదిమందిలో తొమ్మిదిమందిలో అది జీవితాంతం తిష్ఠ వేస్తుంది. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదుగురు దాన్ని తోలేస్తారు. కాబట్టి టీకా వేయాల్సిన వేళ పుట్టిన మొదటి 24 గంటలు. తైవాన్ 1984లో బిడ్డలకు ఈ టీకా మొదలుపెట్టింది. 1997కల్లా అక్కడి పిల్లల్లో కాలేయ క్యాన్సర్ సగానికి తగ్గింది. ఒక క్యాన్సర్‌ను టీకా ఆపగలదని ప్రపంచానికి అలా తెలిసింది.

అదే 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే మొదటిసారి జన్యు సాంకేతికతతో ఈ టీకా తయారుచేసి విడుదల చేసింది. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె. ఐ. వరప్రసాద రెడ్డి నడిపిన సంస్థ అది. దిగుమతి టీకా వందల రూపాయలు పలుకుతున్న రోజుల్లో దాన్ని 50 రూపాయలకు తెచ్చారు. 2011 నాటికి హెపటైటిస్ బి టీకా దేశమంతా ఉచిత కార్యక్రమంలో చేరింది. ఇప్పుడు పుట్టే బిడ్డ టీకా కార్డులో పై వరసలోనే దాని గడి ఉంటుంది.

మొన్న కార్తీకంలో ఊరెళ్ళాను. అవ్వ లేదు, చేట అమ్మ ముందుంది. వామి మీద రెండు రోజులు వాన పడిందట, ఏరిన కుప్ప ఈసారి పెద్దదే. గానుగకు పంపుదామంది అమ్మ, ఇంత విత్తనం పారబోస్తామా అని. ఒక విత్తనం చీల్చి చూపించాను. పసుపు కలిసిన ఆకుపచ్చ. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగుతో ముక్కు మూసుకుని, చేట అంచుతో ఆ కుప్పను గోతాంలోకి తోసింది. దొడ్లో నిమ్మచెట్టుకు దూరంగా గుంట తీసి పూడ్చాను. ఎనుము గాటి దగ్గర నిలబడి మా వైపే చూస్తోంది.